ఖాళీ ఫారం మీద నా సంతకం

ఆ ఫారంలో "తరగతి ఉపాధ్యాయుల అభిప్రాయం" అని ఒక గడి ఉంటుంది. అగ్గిపెట్టె పెడితే నిండిపోయేంత గడి. అందులో ఎవరో నీలం పెన్నుతో ముచ్చటైన దస్తూరీలో రాశారు: "ఈ విద్యార్థినిని బడిలో కొనసాగించుట కష్టముగా ఉన్నది. ఇంటి వద్ద విద్యకు సమ్మతించడమైనది." కింద సంతకం నాది. దొంగ సంతకం కాదు, నేను పెట్టిందే. పైన ఉన్న రెండు వాక్యాలు మాత్రం ఆ రోజే మొదటిసారి చదివాను. అప్పటికి పిల్ల బడికి రాక పది రోజులు కావస్తోంది.

ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. సగం మంట వాళ్ళ మీద, సగం నా మీద. ఎవరి వాటా ఎంతో పంచి చూసుకుందామనే కూర్చున్నాను.

నేను సర్కారు బళ్ళో చిన్న తరగతుల టీచర్ని. గురజాలలో ఉంటాను. మాచర్ల రోడ్డు మీద బస్సు దిగి, ఆటో పట్టుకుని లోపలికి పోతే మా బడి. రెండు గదులు, ఒక వరండా, ఒక వంటపాక. ఒకటి, రెండు, మూడు తరగతులు నావి. నాలుగు, ఐదు హెడ్మాస్టరు గారివి. ఆయన మంచివాడే. కాకపోతే ఏ కాగితం వచ్చినా "ఉత్తర్వు అమ్మా" అని కళ్ళు మూసుకునే రకం.

పిల్ల సంగతి చెప్పాలి. పుట్టినప్పుడు ఏడవటం ఆలస్యమైందట. కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, చేతులు చెప్పిన మాట వినవు, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. బుర్ర మాత్రం మహా చురుకు. వాళ్ళ నాన్న రాళ్ళ క్వారీలో లారీ తోలతాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. అమ్మ కూలికి పోతుంది. ఆరేళ్ళు నిండాక వాళ్ళ నాయనమ్మ ఆ పిల్లను చంకనేసుకొచ్చి నా గదిలో దింపింది.

దాన్ని నా తరగతిలో వేసినప్పుడు కూడా నన్నెవరూ అడగలేదు. పై నుంచి జాబితా వచ్చింది, పేరు రిజిస్టరులోకి ఎక్కింది, అంతే. తాంబూలాలిచ్చేశాం తన్నుకు చావండన్నట్టు. మూడు తరగతులూ ఒకే గదిలో. ర్యాంపు లేదు. మరుగుదొడ్డికి రెండు మెట్లు. నాకు కోపం ఆగలేదు. "ఇది బడా, ఆస్పత్రా?" అని హెడ్మాస్టరు గారిని గట్టిగా అడిగాను. పిల్ల పక్కనే ఉంది. అది వింటోందని నాకు తెలుసు. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ట్రైనింగ్ ఇచ్చారు, లేదనను. నరసరావుపేటలో రెండు రోజులు. ఒక హాలు, ఒక ప్రొజెక్టరు, గంటకోసారి టీ బిస్కెట్లు. "ప్రతి బిడ్డా ప్రత్యేకమే" అని తెర మీద పెద్ద అక్షరాలు. మూడు తరగతులకు పాఠం చెబుతూ, మధ్యలో ఒక పిల్లను మరుగుదొడ్డికి ఎత్తుకుపోతే మిగతా ముప్పై మందిని ఎవరు చూడాలని అడిగాను. ఆవిడెవరో నవ్వి, "మేడమ్ ప్రాక్టికల్ పాయింట్ రైజ్ చేశారు, చప్పట్లు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత భోజనాలకు లేచాం.

నేర్పింది ట్రైనింగు కాదు, ఆ పిల్లే. బలపం పట్టుకోలేకపోతే దాని చుట్టూ పాత చీర పీలిక చుట్టి బొటనవేలంత లావు చేశాం. అప్పుడు పట్టుకుంది. రాయటం ఎటూ నెమ్మదే కాబట్టి, కూల్ డ్రింక్ మూతల మీద అంకెలు రాసి ఇచ్చాను. లెక్క చెప్పగానే మూత జరిపి జవాబు చూపించేది. దాని మాట నాకు ఏడాది దాకా సరిగ్గా తెలియలేదు. దాని పక్కన కూర్చునే పిల్లకు మాత్రం నెలకే తెలిసిపోయింది. "నీళ్ళంట టీచర్", "కిటికీ ముయ్యమంటంది టీచర్" అని చెబుతుండేది. ఒకసారి బోర్డు మీద నేనే ఎక్కం తప్పు రాశాను. వెనక నుంచి పళ్ళెం మోగింది. చూస్తే ఇది, అన్నం పళ్ళేన్ని నేలకేసి కొడుతోంది. "తప్పంట టీచర్" అంది పక్క పిల్ల. ఆ తర్వాత నేను తప్పు రాసినప్పుడల్లా పళ్ళెం మోగింది. ఒకటి రెండు సార్లు కావాలనే రాశాను.

మూడో తరగతికి వచ్చిన ఏడాది వాళ్ళ నాయనమ్మ పోయింది. ఇక ఇంట్లో మనిషి లేదు. ఇక్కడ మా పల్నాడు సంగతి ఒకటి తెలియాలి. జనవరి వచ్చిందంటే మిరపకోతలు. తెల్లారి ఏడింటికల్లా ఆటోలు, ట్రాక్టర్లు ఊరి ఆడవాళ్ళందరినీ ఎక్కించుకుని పోతాయి. మళ్ళీ దించేది పొద్దుగూకే వేళకే. ఏప్రిల్ దాకా మా ఊరు పగలంతా ముసలివాళ్ళదీ కుక్కలదీ. ఆ నెలల్లో బడి హాజరు ఎంత పడిపోతుందో ఏ టీచర్నైనా అడగండి. అందుకే డిసెంబరులోనే నేనూ, వాళ్ళమ్మా, బడి వంటామె కూర్చుని ఒక మాట అనుకున్నాం. వంటామె ఆరున్నరకే పొయ్యి రాజేయటానికి వస్తుంది. పిల్లను వాళ్ళమ్మ ఆమె దగ్గర దింపి పోవాలి. నేను వచ్చేదాకా ఆమె చూసుకుంటుంది. సాయంత్రం పక్క పిల్ల వాళ్ళ అక్క వచ్చి తీసుకుపోతుంది. ఇదంతా ఏ కాగితంలోనూ లేదు. కానీ గట్టి ఏర్పాటు. ఆ పిల్ల చదువు దీని మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను. మా టీచర్లలో ఒక ఆచారం ఉంది. బయటివాళ్ళకు చెబితే నమ్మరు. నాలుగైదు బళ్ళకు కలిపి ఆఫీసు పనులు చూసే మనిషి ఒకతను ఉంటాడు. మండలం నుంచి ఏది కావాలన్నా అతనే బండేసుకుని వస్తాడు. వచ్చేది సరిగ్గా పిల్లలకు అన్నాలు వడ్డించే వేళకే. చేతిలో ఖాళీ ఫారాలు. మేం ఒక చేత్తో గరిటె పట్టుకుని, ఇంకో చేత్తో సంతకాలు పెడతాం. పైన అతను తీరిగ్గా నింపుకుంటాడు. ఏళ్ళ తరబడి ఇదే నడుస్తోంది. అడిగేవాడికీ సిగ్గు లేదు, పెట్టేవాళ్ళకీ బుద్ధి లేదు.

ఆ డిసెంబరు ఆఖర్లో ఒకరోజు కూడా అలాగే వచ్చాడు.

"ప్రత్యేక పిల్లల ఫార్మాట్లు మేడమ్, మూడు కాపీలు. కింద సంతకం కొట్టెయ్యండి, పైన నేను ఫిలప్ చేసుకుంటా. ఇయ్యాలే లాస్ట్ డేటు."

"పైన ఏం రాస్తావయ్యా?"

"ఏముంది మేడమ్, పోయినేడు రాసిందే."

అటు గుడ్లు సరిపోలేదని పిల్లలు గోల చేస్తున్నారు. మూడు సంతకాలు కొట్టేశాను. అతను పళ్ళెంలో ఇంత అన్నం పెట్టించుకుని తిని, దణ్ణం పెట్టి పోయాడు.

జనవరి సెలవులయ్యాక బడి తెరిచాం. పిల్ల రాలేదు. ఒకరోజు చూశాను, రెండు రోజులు చూశాను. జ్వరమేమో అనుకున్నాను. పక్క పిల్లను అడిగితే తల దించుకుంది. వారం దాటాక హెడ్మాస్టరు గారిని కదిపితే, ఆయన ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో ఒక కాగితం చూపించాడు. ఆ పిల్లను "ఇంటి వద్ద విద్య" జాబితాలోకి మార్చారు. వారానికి ఒకసారి ప్రత్యేక టీచరు ఇంటికొచ్చి చదువు చెబుతుందట.

"మీకు తెలుసు, నాకు చెప్పలేదా సార్?" అన్నాను.

"నీకు తెలుసనుకున్నానమ్మా. నువ్వే గదా ఒప్పుకుంది," అన్నాడాయన.

నాకేం అర్థం కాలేదు. మధ్యాహ్నం అన్నాలవగానే వాళ్ళింటికి పోయాను. వీధి మొత్తానికి మనుషుల అలికిడి లేదు. వాళ్ళ తలుపుకు బయట గొళ్ళెం పెట్టి ఉంది. ఎదురింటి అరుగు మీద ఒక ముసలావిడ చింతపండు పిక్కలు తీస్తోంది.

"పిల్లేదమ్మా?" అన్నాను.

"లోపలే ఉందమ్మా. తాళం ఎయ్యలా, గొళ్ళెమే. కుక్కలు దూరతన్నయ్యని పెట్టుకు పోద్ది. నేను మద్దె మద్దెన చూత్తానే ఉన్నా."

గొళ్ళెం తీశాను. పిల్ల చాప మీద గోడకు ఒరిగి కూర్చుని ఉంది. పక్కన నీళ్ళ సీసా, మూత పెట్టిన అన్నం గిన్నె, ఒక పాత బక్కెట్టు. బక్కెట్టు ఎందుకో నేను రాయను. నన్ను చూసి ఎప్పుడూ ఒళ్ళంతా కదిలేలా నవ్వే పిల్ల, మొహం గోడ వైపు తిప్పుకుంది. పిలిచాను. తిరగలేదు. దగ్గర కూర్చున్నాను. తిరగలేదు. ఇంటి వద్ద విద్య అంటే అదన్నమాట. ఇంట్లో మనిషే లేని పిల్లకు, మిరపకోతల నెలలో, ఇంటి వద్ద విద్య. ఆ ముక్క రాసినవాళ్ళలో ఒక్కరు ఒక్క పగలు మా ఊరికి వచ్చి ఉంటే కదా తెలిసేది.

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. వాళ్ళమ్మ కూలి ఆటో దిగి, మిరప ఘాటుకు తుమ్ముతూ వచ్చింది. నన్ను చూసి కంగారు పడింది గానీ కోపం చూపించలేదు. చూపించినా బాగుండేది.

"ఎందుకు మాన్పించావమ్మా? మనం అనుకున్నాం గదా," అన్నాను.

"నేను మాన్పించటమేందమ్మా? మీరే గదా రాసిచ్చింది, బడిలో కట్టంగా ఉందని. నన్ను ఆఫీసుకు పిలిచి కాయితం సూపిచ్చారు. మీ సంతకం నాకు తెలవదా, ప్రోగ్రెస్ కార్డు మీద చూత్తానే ఉంటిగా. అది చూసినాక నేనూ ఏలిముద్ర ఏశా." చెంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ అంది, "మీ మీద నాకేం లేదమ్మా. కన్నదాన్ని, నాకే ఒక్కోసారి ఇసుగొచ్చిద్ది. మూడేళ్ళు ఓర్చుకున్నారు, ఇంకెంతకాలం ఓర్చుకుంటారు. పిల్లే, చెప్పినా ఇనకుండా రెండు దినాలు అన్నం ముట్టలా."

నన్ను తిట్టాల్సిన మనిషి నన్నే ఓదార్చింది. ఎవరైనా చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

మర్నాడు సెలవు పెట్టి మండల ఆఫీసుకు పోయాను. ఫారం చూపించమన్నాను. అప్పుడు చూశాను మొదట చెప్పిన ఆ రెండు వాక్యాలను. అధికారి కుర్చీ చూపించి, నీళ్ళిప్పించి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మీకు భారం తగ్గించాం గదమ్మా, ఇంకెందుకు గొడవ?"

"భారమని నేను మీకు చెప్పానా సార్?"

"కమిటీ ఉంటదమ్మా. డాక్టరు గారు, ప్రత్యేక టీచరు, మేము, తల్లి. అందరం కూర్చునే డిసైడ్ చేశాం."

"రోజూ ఆరు గంటలు ఆ పిల్లతో ఉండేది నేను. నన్నెందుకు పిలవలేదు?"

"మీ అభిప్రాయం ఫారంలో ఉందిగా."

పక్క టేబుల్ దగ్గర కంప్యూటర్ కుర్రాడు మా మండలం బళ్ళ వివరాలు తెరిచి కూర్చున్నాడు. నా కళ్ళు మా బడి వరస మీద పడ్డాయి. ప్రత్యేక పిల్లలకు అనువైన మరుగుదొడ్డి ఉందా అన్న ప్రశ్నకు మూడేళ్ళుగా ఎర్రగా "లేదు" అని ఉండేది. ఇప్పుడు పచ్చగా "వర్తించదు" అని ఉంది. నడవలేని పిల్ల రిజిస్టరులోనే లేకపోతే ఆ ప్రశ్న మా బడికి ఎందుకు వర్తిస్తుంది? మార్చిలో పై నుంచి తనిఖీ ఉందని అందరికీ తెలుసు. గోడకు ఒక ఇనప పైపు బిగించి, రెండు మెట్లు చదును చేయటం కన్నా పిల్లను తీసెయ్యటం వాళ్ళకు తేలికైపోయింది. గట్టిగానే అరిచాను. గుమాస్తాలు తలలెత్తి చూశారు.

"ఆ అభిప్రాయం నాది కాదు సార్. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకుపోయాడు మీ మనిషి."

అప్పుడు ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఖాళీ కాగితం మీద సంతకం పెట్టారా? టీచరై ఉండి? అట్టా రాసిస్తారా మరి? రాసిస్తే మీ మీదే చర్య తీసుకోవాల్సొస్తది. బాగా ఆలోచించుకోండి."

అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఖాళీ ఫారాలు పంపేది వాళ్ళు, సాయంత్రంలోగా కావాలని ఫోన్లు చేసేది వాళ్ళు, సంతకం పెట్టిందానికి మాత్రం మెమో. అయినా ఒక మాట మాత్రం నిజం. పెట్టింది నేనే. చదవకుండా పెట్టకూడదని మూడో తరగతి పిల్లలకు చెప్పేదాన్ని, నేనే పెట్టాను.

హెడ్మాస్టరు గారు నచ్చజెప్పాడు. "సర్వీసు ఇంకా ఆరేళ్ళుంది. రికార్డులో మచ్చ ఎందుకమ్మా నీకు? వచ్చే ఏడు మళ్ళీ సర్వే వస్తది, అప్పుడు చేర్పిద్దాం." వచ్చే ఏడు దాకా ఆ గొళ్ళెం వెనకాల ఎవరు కూర్చోవాలి? ఆయన మనవరాలా?

ఆ రాత్రికి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా అర్జీ రాశాను. ఖాళీ ఫారం మీద సంతకం చేసిన తప్పు నాదేనని, పైన రాసిన అభిప్రాయం నాది కాదని, ఇంటి దగ్గర పగలంతా మనిషి లేరని, వంటామె ఏర్పాటు ఇదని, ఇంటికొచ్చే ప్రత్యేక టీచరుకు పద్నాలుగు ఊళ్ళు ఉండబట్టి ఇన్నాళ్ళలో ఆమె రాగలిగింది ఒక్కసారేనని, అది ఆమె తప్పు కాదని కూడా రాశాను. కమిటీ మళ్ళీ కూర్చోవాలని, ఈసారి ఆఫీసులో కాదు, మా బడిలో కూర్చోవాలని రాశాను. మెమో వారంలో వచ్చింది. సంజాయిషీ ఇచ్చుకున్నాను. నా సర్వీసు పుస్తకంలో ఒక పేరా ఎక్కింది. ఎక్కనీ.

ఈలోగా వంటామె తమ్ముడు, తాపీ పని చేసే మనిషి, ఒక ఆదివారం వచ్చి మెట్లు చదును చేసి, గోడకు రెండు వైపులా పైపు బిగించాడు. ఒక పూట పని. మూడేళ్ళుగా ఎర్ర అక్షరాల్లో "లేదు" అన్నది, ఒక పూటలో అయిపోయింది. దానికి సంతోషించాలో, తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు.

మార్చి మొదట్లో కమిటీ మా బడికి వచ్చింది. అధికారి, ప్రత్యేక టీచరు, హెడ్మాస్టరు గారు, కూలి మానుకుని వచ్చిన వాళ్ళమ్మ, తలుపు దగ్గర చేతులు తుడుచుకుంటూ వంటామె, నేను. డాక్టరు గారు రాలేదు. నేను ఏకబిగిన చెప్పాను. పీలిక చుట్టిన బలపం చూపించాను, మూతలు చూపించాను, పైపు చూపించాను. మధ్యలో అధికారి ఏదో అనబోతే "నన్ను పూర్తి చెయ్యనివ్వండి సార్" అన్నాను. నా ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అధికారి మాటకు అడ్డం పోవటం అదే మొదలు. చివరికి ఆయన ఫారం నా ముందుకు తోసి, "మీ గడి మీరే రాయండి" అన్నాడు. గడి చాలక వెనక పేజీ కూడా రాశాను. రెండుసార్లు చదువుకుని అప్పుడు సంతకం పెట్టాను. పిల్ల మర్నాడు నుంచి బడికి రావచ్చన్నారు. గెలిచాననుకున్నాను. ఇంటికి పోతూ గురజాలలో అరకిలో మైసూర్‌పాక్ కొనుక్కున్నాను.

మర్నాడు తొమ్మిదింటికి నేను వెళ్ళేసరికి పిల్ల నా గదిలో ఉంది. పక్క పిల్ల దాని జడ సరిచేస్తోంది. మిగతా పిల్లలు చుట్టూ మూగి ఒకటే అరుపులు. నేను మిఠాయి పొట్లం పట్టుకుని దాని ముందు గొంతుక్కూర్చున్నాను. ఈసారి మొహం తిప్పుకోలేదు. నన్నే సూటిగా చూసింది. నవ్వు మాత్రం లేదు.

"ఆ కాగితం మీద రాసింది నేను కాదురా," అన్నాను. "నిన్ను పంపించమని నేను చెప్పలేదు. నిన్న అందరం కూర్చుని మాట్లాడాం. నువ్వు ఇక్కడే ఉండాలని అందరినీ ఒప్పించాను."

అది ఏదో అనబోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి, మాట రాలేదు. రెండోసారి సగం వచ్చింది. నేను అలవాటుగా పక్క పిల్ల వైపు చూశాను, ఏమంటోందే అని. ఆ పిల్లకు అర్థమైంది, మొహంలో తెలుస్తూనే ఉంది. కానీ చెప్పలేదు. నేల చూపులు చూసింది. మూడోసారికి నాకే అర్థమైంది.

"నన్ను అడగలేదేంది?"

నన్ను అడగలేదని మండలమంతా అరిచి వచ్చినదాన్ని నేను. నిన్న కమిటీ కూర్చున్నప్పుడు ఆ పిల్ల రెండు వీధుల అవతల గొళ్ళెం పెట్టిన తలుపు వెనకే ఉంది. తీసుకురమ్మని వాళ్ళమ్మకు చెప్పాలన్న ఆలోచన మా ఆరుగురిలో ఒక్కరికీ రాలేదు, నాకూ రాలేదు. గదిలో పిల్లలందరూ గోల ఆపి, టీచర్ ఏం చెబుతుందా అని నా వైపే చూస్తున్నారు.